ముఖాల మెత్తలు

జొల్దోష్‌కి ఆలోచన వచ్చిందంటే అతని భార్య బురుల్కాన్ ముందుగా పొయ్యి మీద కెటిలు దించేస్తుంది. పోయినసారి ఆలోచన వచ్చినప్పుడు అతను చేతులూ కాళ్ళూ ఊపుకుంటూ చెప్పి చెప్పి కెటిలుని తన్నేశాడు. కాలింది అతని కాలు. మంచం పట్టింది మాత్రం ఇల్లంతా.

ఆ పొద్దున కూడా దించి పక్కన పెట్టింది. "ఊఁ, ఇప్పుడు చెప్పండి," అంది.

"ముసలీ, నీ కొమ్ములు ఎవడిక్కావాలే?"

బురుల్కాన్ తలెత్తలేదు. ఆవిడ నేల మీద కూర్చుని షిర్దాక్ కుడుతోంది. గొర్రెబొచ్చు మీద వేణ్ణీళ్ళు పోసి, చుట్టి, తొక్కి తొక్కి దళసరి ఫెల్టు చేసి, దాని మీద పొట్టేలు కొమ్ముల ముగ్గు కత్తిరించి కుట్టే తివాచీ అది. ఒక్కటి కుట్టేసరికి ఒక చలికాలం వెళ్ళిపోతుంది. సరస్సు ఒడ్డున ప్రతి వేసవిలో జరిగే చేతిపనుల సంతలో గేటు పక్కనే ఆవిడకి స్థలం ఉంది. వాళ్ళమ్మ నుంచి వచ్చిన స్థలం. ఆ ఇంట్లో పొయ్యిలో బొగ్గూ, డబ్బాలో పిండీ ఆ స్థలం చలవే.

జొల్దోష్ సంగతి వేరు. జీవితమంతా వాన్ నడిపి, మోకాళ్ళు పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. స్టీరింగు లేని చేతులు ఊరుకుంటాయా? పైగా మనిషికి పట్టుదల ఎక్కువ. దారి తప్పినా సరే రివర్సు వెయ్యడు, కొత్త దారి అంటాడు.

"కొమ్ములు మా తాత చూశాడు, వాళ్ళ తాత చూశాడు. ఇప్పుడు జనానికి ముఖం కావాలి, ముఖం! మన సాల్కిన్ ఫోటో గుడ్డ మీద అచ్చేయించి, కింద వేసుకు కూర్చునే ఫెల్టు మెత్తల మీద కుట్టామనుకో, సంతలో తొక్కిసలాటే. నా వాన్ అద్దానికి ఆ పిల్ల ఫోటో అంటించాక ఎలా ఉండేది? ముందు రెండు వాన్లు ఖాళీగా ఉన్నా జనం నా వానే ఎక్కేవాళ్ళు."

"మీ వాన్‌లో హీటరు పనిచేసేది. అందుకెక్కేవాళ్ళు."

సాల్కిన్ అంటే గాయని. ఆ చుట్టుపక్కల ఆవిడ పాట లేకుండా పెళ్ళి జరిగితే, ఆ పెళ్ళి చెల్లదని పిల్ల తరఫువాళ్ళు గొడవకొస్తారు. అంత పేరు.

"ఆ పిల్లని అడిగారా?" అంది బురుల్కాన్.

"దేనికి?"

"ముఖానికి."

"ముఖానికి అడగడమేంటే? సూర్యుణ్ణి అడిగి ఎండలో నిలబడుతున్నామా?"

అప్పుడు తలెత్తింది బురుల్కాన్. సూది ఇంకా చేతిలోనే ఉంది.

"నేను మీ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు గుర్తుందా? తెర వెనకాల, ముసుగేసుకుని కూర్చోబెట్టారు. మీ పెద్దమ్మ ముసుగెత్తి చూడబోతే మా పిన్ని చెయ్యి పట్టుకుంది. 'కొరుందుక్ ఏదీ? పిల్ల ముఖం ఊరికే చూస్తారా?' అంది. ఎంత పిసినారి మీ పెద్దమ్మ! తలకి కట్టుకున్న పట్టుగుడ్డ విప్పి ఇచ్చింది, అప్పుడు చూసింది. ఒక్క చూపు చూడ్డానికి! మీరేమో ఒకమ్మాయి ముఖాన్ని ఊరందరికీ అమ్ముకుంటానంటున్నారు. కనీసం చేతిరుమాలన్నా ఇచ్చారా?"

జొల్దోష్ తొడ చరిచాడు.

"ఇస్తా. రుమాలు కాదు, పొట్టేలునే ఇస్తా!"

"సరే. ఫోటో తీసినవాడికి?"

"వాడిదేముందే? నొక్కాడంతే."

"గొర్రె ఒకరిది, బొచ్చు కత్తిరించేవాడు ఇంకొకడు. గొర్రె నాదేగా అని కత్తిరించినవాడి కూలి ఎగ్గొడితే, వచ్చే ఏడు కత్తెరతో మీ మీసం తీస్తాడు."

కానీ జొల్దోష్ అప్పటికే పొట్టేలు కోసం దొడ్లోకి పోయాడు. సగం మాట వినడం అతనికి అలవాటు. ఆ సగం కూడా తనకు నచ్చిన సగం.

పొట్టేలుని దొడ్లో మూలన పడున్న పాత వాన్ వెనక ఎక్కిస్తే అరిచి గోల చేసింది. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. దారిలో పోలీసు ఆపాడు. లోపలికి తొంగిచూశాడు. పొట్టేలుని చూశాడు, బెల్టుని చూశాడు.

"ఈ రోడ్డు మీద బెల్టు పెట్టుకున్న ప్రయాణికుణ్ణి ఇవాళే చూశా," అని సెల్యూట్ కొట్టి వదిలేశాడు.

పక్క జిల్లాలో పెళ్ళివిందు. సాల్కిన్ పాడి పాడి గొంతారిపోయి, యుర్తా గుడారం వెనకాల పులిసిన గుర్రప్పాలు, కుమిస్, తాగుతోంది. జొల్దోష్ పొట్టేలుని ఆవిడ ఎదుట నిలబెట్టి, టోపీ సర్దుకున్నాడు.

"ఇది నీ కొరుందుక్ తల్లీ. నీ ముఖం చూసినందుకు."

"నా ముఖం ఊరంతా ఊరికే చూస్తోంది బాబాయ్. పొట్టేలుని తోలుకొచ్చిన మొదటి మనిషివి నువ్వే," అని నవ్వింది. పక్కనున్న వాళ్ళమ్మ మాత్రం పొట్టేలు తోక పట్టుకుని కొవ్వెంతుందో చూసింది, తల ఊపింది.

"నీ బొమ్మ ఫెల్టు మీద కుట్టి సంతలో అమ్ముకుంటానమ్మా. నీ ఇష్టమైతేనే."

"ఫెల్టు మీదా!" సాల్కిన్ కళ్ళు మెరిశాయి. "మా అమ్మమ్మ ఫెల్టు తొక్కేది. నా బొమ్మ ఫెల్టు మీద ఉంటే చూసి ఎంత పొంగిపోయేదో. చేసుకో బాబాయ్. అయితే ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు దాన్ని?"

జొల్దోష్ టోపీ మళ్ళీ సర్దుకున్నాడు. మెత్త అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ కూలబడింది.

"మంచి చోటే తల్లీ. అతిథి రాగానే మొదట వేసేది అదే."

"తోర్ దగ్గరా?"

తోర్ అంటే తలుపుకి ఎదురుగా పెద్దల్ని కూర్చోబెట్టే చోటు. ఇంట్లో అంతకంటే గౌరవమైన చోటు లేదు.

"సరిగ్గా అక్కడే!" అన్నాడు జొల్దోష్. ఆ మాటలో అబద్ధం వీసమెత్తు లేదు. అదే వచ్చిన చిక్కు.

ఇంటికొచ్చి గుమ్మంలోంచే కేకేశాడు. "ఒప్పుకుందే! అమ్మ కూడా ఒప్పుకుంది. పొట్టేలు తోకే సాక్షి!"

"మెత్తలని చెప్పారా?"

"తోర్‌లో ఉంటుందని చెప్పా."

బురుల్కాన్ మొగుడి ముఖంలోకి కాసేపు చూసింది. ఆ చూపు ఎలాంటిదో పెళ్ళయిన ప్రతి మగాడికీ తెలుసు. ఆ పైన కెటిలు పొయ్యి మీద పెట్టింది.

బజార్లో గుడ్డ మీద ఫోటోలు అచ్చేసే కొట్టు దగ్గర జొల్దోష్ కాపలా కూర్చుని మరీ వేయించుకున్నాడు. కొండల మీద మంచు, ముందు సాల్కిన్, గాలికి ఎగిరే జుట్టు. ఎవడు తీశాడో గానీ దివ్యంగా తీశాడు. ఒంటె ఉన్ని దారంతో ఒక్కో ముఖాన్ని ఒక్కో మెత్తకి కుట్టాడు. కుట్టు కుట్టుకీ వేలు పొడుచుకున్నాడు. మెత్తల మీద రక్తపు చుక్కలు పడితే వాటి మీద ఎర్ర పువ్వులు కుట్టాడు. సంత నాటికి పువ్వులు ముఖాల కంటే ఎక్కువయ్యాయి.

సంత మొదటి రోజు పొద్దున్నే తుర్సున్‌కాన్ వచ్చింది. సంతకి పెద్ద ఆవిడే. ఒకప్పుడు ఉన్ని తూచే చోట పనిచేసింది, అందుకని అందరూ తూకంరాయి అంటారు. ముఖాన కాదు, నూరు అడుగులు దాటాక. ఒక మెత్త ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"జొల్దోష్, ఇదెవరి ముఖం?"

"సాల్కిన్‌దక్కా. ఒప్పుకుంది."

"ఫోటో ఎవరిది?"

"సాల్కిన్‌దే!"

"ఫోటోలో ఉన్నది ఎవరని కాదురా. తీసింది ఎవరని. అమ్మే సరుకు మీద ఒకరి బొమ్మ వేస్తే ముఖం గలవాళ్ళు ఒప్పుకోవాలి, ఫోటో తీసినవాళ్ళూ ఒప్పుకోవాలి. దేని మీద వేస్తున్నావో ముందే చెప్పి ఒప్పించాలి. ఇది నేను పెట్టిన రూలు కాదు, చట్టం. తేడా వస్తే స్థలం ఎవరి పేరున ఉందో వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది."

స్థలం బురుల్కాన్ పేరున ఉంది. ఆవిడ షిర్దాక్ మడతలు సర్దుతూ వింటోంది.

"మొదటిది ఉందిగా అక్కా," అన్నాడు జొల్దోష్. "తక్కినవి దాని వెనకాలే వస్తాయి. పొట్టేలు ముందు నడిస్తే తోక రాదా?"

"తోకే బరువురా మన పొట్టేళ్ళకి."

నలుగురూ నవ్వారు. పక్క కొట్లో కల్పాక్ టోపీలు అమ్మే కాదిర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. జొల్దోష్‌కి రోషం వచ్చింది. బల్ల ఎక్కినంత పని చేశాడు.

"అసలు ముఖంలో ఏముందక్కా? చూస్తే అరిగిపోతుందా? ఇదిగో నా ముఖం! ఎవరు కావాలంటే వాళ్ళు తీసుకోండి. ఫోటో తీయండి, ఫెల్టు మీద వెయ్యండి, మెత్తల మీద వేసి అమ్ముకోండి! జొల్దోష్ కిక్కురుమంటే మీసం తీయించేసుకుంటాడు!"

"విన్నారుగా అక్కా?" అంది బురుల్కాన్ మెల్లగా. "కాదిర్ తమ్ముడూ, నువ్వూ విన్నావుగా?"

"సంతంతా వింది వదినా."

మా ఆవిడ కూడా నా పక్షానికి వచ్చిందే అని జొల్దోష్ మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి కొన్ని మెత్తలు అమ్ముడుపోయాయి కూడా. దాంతో అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. దించడానికి అక్కడ కెటిలు లేదు. వేదిక ముందు వరసలో తెల్లగడ్డాల పెద్దలు చెక్కబల్లల మీద కూర్చుని నడుములు పట్టుకుంటున్నారు. వాళ్ళ కింద తన మెత్తలు వేస్తే? సంతంతా చూస్తుంది! ఒక్కొక్కరినీ లేపి, మెత్త వేసి, మళ్ళీ కూర్చోబెట్టాడు. పెద్దలు దీవించారు.

సాల్కిన్ వేదిక ఎక్కింది. కోముజ్ తీగలు మీటింది. పాట అందుకోబోతూ ముందు వరస వైపు నవ్వుతూ చూసింది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన లేచి, మెత్త తీసి, సాల్కిన్ ముక్కు మీద దబదబా బాది, దుమ్ము దులిపి, మళ్ళీ వేసుకుని కూర్చున్నాడు.

సాల్కిన్ నోట్లో పాట ఆగిపోయింది. వరసంతా చూసింది. అక్కడ ఒక కన్ను కనిపిస్తోంది, ఇక్కడ చెవి. ఒక బక్క తాత కింద మాత్రం ముఖం మొత్తం కనిపిస్తోంది, పాపం అదీ ఊపిరాడనట్టు.

కోముజ్ పక్కన పెట్టి కిందికి దిగి వచ్చింది. "బాబాయ్, తోర్ దగ్గరన్నావు కదా?"

"అవును తల్లీ. మరి తోర్‌లో ఏం చేస్తారు? కూర్చుంటారు."

"గోడకి అనుకున్నాను బాబాయ్! మా అమ్మమ్మ చూస్తే పొంగిపోయేదని చెప్పాను నీకు." ఆవిడ అరవలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. అరిచినా బాగుండేది.

అరవడం వాళ్ళమ్మ చూసుకుంది. "నా కూతురి ముఖం మీద ఊళ్ళోవాళ్ళ పిర్రలా? తినేసిన నీ పొట్టేలుని వాంతి చేసుకుందామన్నా ఇప్పుడు కుదరదు కదరా!"

ఆవిడ వెనక నుంచి మెడలో కెమెరాతో ఒకడు వచ్చాడు. ఎప్పుడూ ఒక కన్ను మూసి లోకాన్ని చూసే అకిల్‌బెక్. మెత్త ఎత్తి చూశాడు, రెండో కన్ను కూడా తెరిచాడు.

"ముఖం ఆమెది. ఫోటో నాది. ఆ కొండ మీద గాలి వీచేదాకా గడ్డకట్టుకుపోయి కూర్చుని తీశాను. నన్నెవరు అడిగారు?"

"నువ్వు చేసిందేముంది నాయనా? వేలితో నొక్కావంతే."

"మీరు వాన్ ఎలా నడిపేవారు బాబాయ్? కాలితో తొక్కేవారు, అంతేనా?"

జొల్దోష్‌కి జీవితంలో మొదటిసారి రివర్సు గేరు గుర్తొచ్చింది.

తూకంరాయి తుర్సున్‌కాన్ రానే వచ్చింది. "అమ్మినవి కూడా వెనక్కి రావాలి. రేపు పొద్దున ఈ కొట్లో అడగని ముఖం ఒక్కటి కనపడినా, బురుల్కాన్, మీ అమ్మ స్థలమని కూడా చూడను. ఇంకొకరికి ఇచ్చేస్తా."

బురుల్కాన్ ముఖం ఫెల్టులా తెల్లబడింది. అది చూశాక జొల్దోష్ మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయాడు. పరిగెత్తాడు.

పట్టుదల ఉన్న మనిషి కదా, అమ్మినవి వెనక్కి తెచ్చుకోవడంలోనూ అంతే పట్టు. ఎముకల ఆట ఆడుతున్న తాత కింద నుంచి ఒకటి లాగాడు. తాత ఆటలో ఓడిపోయి, తప్పంతా మెత్తదేనన్నాడు. నూనెలో బొర్సోక్ పిండిముక్కలు వేయిస్తున్న ఆవిడ కింద నుంచి ఇంకొకటి లాగితే ఆవిడ చిల్లుగరిటెతో వెంటపడింది. ఒకావిడ తన మెత్తని గుర్రం జీను మీద వేసుకుంది. అది పట్టుకుంటే గుర్రం కూడా వచ్చింది. ఒక చేత్తో మెత్త, ఇంకో చేత్తో జీను, కాళ్ళు రెండూ గాల్లో, మీసం రెండు దిక్కులకీ.

అకిల్‌బెక్ కెమెరా టిక్కుమంది. పక్కనే బురుల్కాన్ చేతిలో ఫోను కూడా టిక్కుమంది.

జొల్దోష్ జీను వదిలేసి కింద పడ్డాడు. లేచి గుడ్లురిమాడు. "ఏయ్! ఎవణ్ణి అడిగి తీస్తున్నావురా నా ముఖం?"

సంతంతా అటే తిరిగింది.

"తప్పే బాబాయ్," అని అకిల్‌బెక్ వెంటనే చెరిపేశాడు. పెద్దమనిషి.

బురుల్కాన్ చెరపలేదు. ఆ గుడ్లురిమిన ముఖాన్ని ఇంకో రెండు తీసుకుని, ఫోను జేబులో వేసుకుంది.

ఆ సాయంత్రం ఆలుమగలిద్దరూ కూర్చుని ఫోటోలన్నీ ఊడదీశారు. ఒంటె ఉన్ని దారం కదా, ఊడదు. తనే అంత గట్టిగా కుట్టాడు. బురుల్కాన్ గుడ్డముక్కలన్నీ ఉతికి, మడిచి, తన మంచి షిర్దాక్‌తో పాటు పట్టుకెళ్ళి సాల్కిన్ చేతిలో పెట్టింది. "ఇది గోడకి వేసుకో తల్లీ. దీని మీద కొమ్ములే. ఎవరూ నొచ్చుకోరు," అంది. అకిల్‌బెక్‌కి మొగుడి చేత క్షమాపణ చెప్పించింది. ఒకసారి గొణిగితే, వినపడలేదని రెండోసారి చెప్పించింది. ఆ తర్వాత కాదిర్ కారెక్కి బజారుకి వెళ్ళింది.

జొల్దోష్ ఇంట్లో బోడి మెత్తల మధ్య కూర్చున్నాడు. ఒక్కోదానికి మధ్యలో గుండ్రంగా ఖాళీ, చుట్టూ రక్తం దాచిన పువ్వులు. స్థలం పోతుందేమో అన్నది ఒక బెంగ. పెళ్ళాం తిట్టలేదు. అది ఇంకో బెంగ.

పొద్దున అతను లేచేసరికి మెత్తలూ లేవు, భార్యా లేదు. మోకాళ్ళు పట్టుకుని సంతకి చేరేసరికి గేటు పక్కన ఆడవాళ్ళ గుంపు. స్థలం పోయిందేమో, కొత్తవాళ్ళు వచ్చారేమో అనుకున్నాడు. తోసుకుంటూ ముందుకెళ్ళాడు.

బల్ల నిండా తనే ఉన్నాడు.

రాత్రికి రాత్రే కుట్టిన ప్రతి మెత్త మీదా గుడ్లురుముతున్న జొల్దోష్, మీసం రెండు దిక్కులకీ. చుట్టూ పూలు.

"మా ఆయన చూసే చూపు ఇదేనమ్మా!" అని ఒకావిడ మెత్తని నేల మీద వేసి, ఠపీమని కూర్చుంది. "అబ్బ! నడుం నొప్పి ఎటు పోయిందో!"

"నాకు రెండివ్వు బురుల్కాన్. ఒకటి మా అత్తగారికి. ఆవిడకీ మొగుడున్నాడు."

చిల్లుగరిటె ఆవిడ అయితే మూడు తీసుకుని, ఒకదాన్ని అక్కడే దబదబా బాదింది. మెత్తలో దుమ్ము లేదు, ఆవిడ మనసులో ఉంది.

"బురుల్కాన్!" అన్నాడు జొల్దోష్. "నా... నన్ను అడక్కుండా..."

"అడగలేదా?" అని వెనక నుంచి తుర్సున్‌కాన్ అందుకుంది. "ముఖం గలవాడు ఒప్పుకున్నాడు, నా ఎదుటే. మెత్తల మీద వెయ్యమని తన నోటితో చెప్పాడు. ఫోటో తీసింది బురుల్కాన్, తన ఫోనుతో. ఈ సంత మొత్తంలో ఇంత సక్రమమైన సరుకు ఇంకోటి లేదు. స్థలం బురుల్కాన్‌దే. నాకొకటివ్వమ్మా, వెడల్పుది."

"మీసం తీయించుకుంటానని కూడా అన్నాడు వదినా," అని కాదిర్ గుర్తు చేశాడు. "కిక్కురుమంటే."

జొల్దోష్ రెండు చేతులతోనూ మీసం పట్టుకున్నాడు.

సాల్కిన్ కూడా వచ్చింది. మెత్తని చూసి, నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది. ఒకటి కొనుక్కుని వేదిక మీద వేసుకుని, దాని మీద కూర్చుని పాడింది. ఆ రోజు పాట అదిరిపోయిందన్నారు అందరూ. కింద ఆధారం బాగుందన్నాడు కాదిర్.

సాయంత్రానికి బల్ల మీద ఒక్క మెత్తా మిగల్లేదు. జొల్దోష్ కొట్టు వెనకాల పెట్టె మీద ముడుచుకుని కూర్చున్నాడు. బురుల్కాన్ వచ్చి పక్కన కూర్చుంది.

"అలిగారా?"

"ముఖానికి కొరుందుక్ అన్నావు. నాది ఊరికే తీసుకున్నావు."

బురుల్కాన్ చేతిసంచిలోంచి ఒక కల్పాక్ తీసింది. కొత్తది. తెల్లటి ఫెల్టు, అంచున నల్ల కొమ్ములు, సన్నటి కుట్టు. పోయిన చలికాలమంతా అతనికి కనపడకుండా షిర్దాక్ కింద దాచి కుట్టింది. అతని తల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని చూసింది.

"నా ముఖానికి మీ పెద్దమ్మ తన పాత గుడ్డ ఇచ్చింది. నేను కొత్తది ఇస్తున్నా. లెక్క సరిపోయిందా?"

జొల్దోష్ కల్పాక్ అంచు తడిమాడు. కోపంగా ఉందామనుకున్నాడు గానీ, మీసం కింద పెదవులు మాట వినలేదు.

"అలాగే ఉండండి!" బురుల్కాన్ ఫోను పైకెత్తింది. "నవ్వే ముఖం కూడా కావాలని అడుగుతున్నారు."

జొల్దోష్ గబుక్కున కల్పాక్‌ని ముక్కుదాకా లాక్కున్నాడు. ఈసారి సగం మాట విని ఊరుకునే మనిషి కాదు.

"ముందు చెప్పు! దేని మీద వేస్తావ్? ఎక్కడ పెడతావ్?"

"మంచి చోటే ముసలాయనా," అంది బురుల్కాన్. "తోర్ దగ్గర."